మోకాలు ఆనించిన శనివారం

ఇంకా ప్రకటనలే. ట్రక్కు ఒకటి బురదలో ఎగిరి దూకుతోంది, తర్వాత నడుం నొప్పి మాత్రలు, తర్వాత మళ్ళీ అదే ట్రక్కు. ఏడాది చివరి ప్లేఆఫ్ పోటీకి ఎంపికైన పన్నెండు జట్ల పేర్లు చదవడానికి వీళ్ళకి గంట కావాలి. ఆ పేర్లు ఎప్పుడో తేలిపోయి ఉంటాయి. ఎక్కడో హోటల్ గదిలో కమిటీ వాళ్ళు కడుపు నిండా తిని, చేతులు తుడుచుకుని, తేల్చేసి ఉంటారు. మమ్మల్ని మాత్రం ఇక్కడ కూర్చోబెట్టి ఉడకబెడుతున్నారు. కార్వెల్ కాలేజీ భోజనాల హాలు ఇది, బల్లలన్నీ గోడకి నెట్టి ముందు వరసల్లో ఆటగాళ్ళని, వెనక మడత కుర్చీల్లో తల్లిదండ్రుల్ని కుదేశారు. టీవీ తెర పక్కన వాళ్ళ కెమెరా ఒకటి నిలబడి ఉంది, నెత్తిన ఎర్ర దీపం పెట్టుకుని, మూతి మా వైపు తిప్పి. మా పేరు వస్తే పిల్లలు గెంతుతారు, అది చూపిస్తారు. రాకపోతే ఏడుస్తారు, అదీ చూపిస్తారు. వాళ్ళకి రెండూ ఒకటే, మధ్యలో ట్రక్కు అమ్ముడుపోతే చాలు. మొదటి వరసలో చివరి కుర్చీలో మా గ్రేడీ మెడ కనిపిస్తోంది, ఎర్రగా, ఇంత లావున. ఇరవై మూడేళ్ళ వాడి మెడ. చిన్నప్పుడు జ్వరం వస్తే ఆ మెడ మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని. ఇప్పుడు చెయ్యి పెట్టకుండానే తెలుస్తోంది, వాడు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

పేరు రాకపోతే వాడు తన వల్లే అనుకుంటాడు. నన్ను తినేస్తున్నది ఇదొక్కటే, మిగతాదంతా పొట్టు. ఇది వాడికి ఐదో ఏడు, ఆఖరి ఏడు. దీని తర్వాత ఫుట్‌బాల్ లేదు. డబ్బులిచ్చి ఆడించుకునే వాళ్ళకి కావలసిన ఎత్తు వాడికి లేదు, అది వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఈ ఏడు ప్లేఆఫ్‌కి వెళ్ళాలి, లేదా ఇంటికి రావాలి. వెళ్ళకపోతే ఆ శనివారం నేలకి ఆనించిన మోకాలు జన్మంతా వాడి వెంట వస్తుంది, నలభై ఏళ్ళొచ్చి తల నెరిసినా కిరాణా కొట్టులో ఎవడో ఒకడు వీపు తట్టి, గ్రేడీ, ఆ మూడు గజాలు పోయుంటే అంటాడు. ఈ ఊళ్ళో అనకుండా ఉండే మనిషి పుట్టలేదు. నేను ముప్ఫై ఏళ్ళుగా స్కూల్ బస్సు తోలుతున్నాను, ఇప్పుడు అనబోయే వాళ్ళందరినీ ముక్కు చీదుకునే వయసు నుంచి అద్దంలో చూశాను. నాకు తెలుసు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆ ఉలిపికట్టెలం మేమే. దేశంలో పెద్ద కాలేజీలన్నీ కూటములు కట్టుకున్నాయి, ఒక్కో కూటమిలో పదహారో పద్దెనిమిదో జట్లు, వాళ్ళలో వాళ్ళే ఆడుకుంటారు, చివర్లో వాళ్ళకే ఒక విజేత, ఆ విజేతకి ప్లేఆఫ్‌లో పీట వేసి సిద్ధం. మేం ఏ కూటమిలోనూ లేం. ఇండిపెండెంట్. ఎన్నికల్లో ఇండిపెండెంట్‌గా నిలబడ్డవాడి గతే మాదీ, వీరుడివోయ్ అని అందరూ చప్పట్లు కొడతారు, ఓటు మాత్రం వెయ్యరు. ఎందుకు లేరు కూటమిలో అని మొన్న థాంక్స్‌గివింగ్ భోజనం దగ్గర రస్ అడిగాడు. రస్ మా ఆడపడుచు మొగుడు, పుట్టింది మా పక్క పేటలోనే, ఉద్యోగానికి దక్షిణాదికి పోయి టైడ్‌వాటర్ స్టేట్ జట్టు టోపీ నెత్తిన పెట్టుకుని వచ్చాడు, టర్కీ కోస్తున్నప్పుడు కూడా తియ్యలేదు. "మీ వాళ్ళకి పొగరు, మార్లిస్, పొగరు. అందరితో కలిస్తే అరిగిపోతారా?" అన్నాడు. అరిగిపోతామనా? మా మామగారు ఓర్విల్ ఆడే రోజుల్లో మేమే వెళ్ళి తలుపు కొట్టాం. రాతి గనుల ఊరు, పలకడానికి నోరు తిరగని పేర్లు, ఆదివారం వేరే చర్చికి పోయేవాళ్ళు, మీరు మాకు సరిపోరు అని గుమ్మంలోంచే పంపారు. పంపినవాళ్ళ మనవలు ఇప్పుడు టీవీలో కోట్లేసుకుని, వీళ్ళెందుకో బయటే ఉంటామంటారండీ అని నవ్వుతున్నారు. తర్వాత పిలిస్తే మేమూ పోలేదు, అదీ నిజమే. ఒకసారి గుమ్మంలోంచి పంపించేసిన ఇంటికి మళ్ళీ ఎవరు పోతారు? రస్‌కి అది చెబితే ఇంకాస్త గ్రేవీ వడ్డించమన్నాడు.

వచ్చింది. ప్రకటనలైపోయి, తెర మీద నలుగురు కోటువాళ్ళు. మొదటి పేరు, రెండో పేరు, మూడు, నాలుగు. అందరికీ తెలిసినవే, ఎవరూ చప్పుడు చెయ్యలేదు. ఒక్కో పేరుకీ ఒక్కో హాలు చూపిస్తున్నారు, ఆ హాళ్ళలో సోఫాలున్నాయి. మాకు మడత కుర్చీలు. పక్కన వెండెల్, నా మొగుడు, కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని చర్చిలో కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఈ మనిషికి కోపం రాదు. పెళ్ళైన కొత్తలో అది గుణమనుకున్నాను. నిన్న కూడా అంతే, నిన్న కూటముల ఫైనల్స్. మా వాళ్ళు ఆడలేదు, ఆడటానికి ఆట లేదు, కూటమి ఉంటేగా ఫైనల్ ఉండటానికి. గ్రేడీ ఇంట్లోనే ఉన్నాడు, గరాజ్ ముందు మంచు తోడాడు, తోడిన చోటే మళ్ళీ తోడాడు. మేం టీవీ ముందు కూర్చుని ఎవడు గెలిస్తే మాకు మంచిదో, ఎవడు ఓడితే మంచిదో లెక్కలేసుకున్నాం. ఎవరి పెళ్ళిలోనో మన తిండి వెతుక్కోవడం. మంగళవారం కమిటీ వరసలో మేం పదకొండు. పన్నెండో కుర్చీ ఎలాగూ చిన్న కూటమి విజేతకి పోతుంది, కాబట్టి పదకొండంటే చివరి కుర్చీ. మా కింద పన్నెండోవాడు టైడ్‌వాటర్, రస్ జట్టు. మేం ఒక్కసారి ఓడాం, వాళ్ళు రెండుసార్లు. నిన్న వాళ్ళు ఫైనల్‌లో మళ్ళీ ఓడారు, మూడోసారి. హమ్మయ్య అన్నాడు వెండెల్, లేచి వెళ్ళి వాడికి చెప్పొస్తా అన్నాడు. అప్పుడే టీవీలో ఒకడు మొదలుపెట్టాడు, టైడ్‌వాటర్ ఎంత గొప్పగా ఓడిందండీ అని. అదనంగా ఒక ఆట ఆడినందుకు వాళ్ళని శిక్షించడం న్యాయమా అని. మరి ఆడే అవకాశమే లేనివాణ్ణి శిక్షించడం న్యాయమా? నేను టీవీనే అడిగాను, గట్టిగా. కుక్క లేచి పక్క గదిలోకి పోయింది.

అయిదు. ఆరు. ఆరుకి మా వాళ్ళు కొందరు తల తిప్పుకున్నారు, అది మమ్మల్ని సెప్టెంబరులో ఓడించిన జట్టు. ఒక్క పాయింటు తేడా. వాళ్ళ గడ్డ మీద, ఎనభై వేల మంది అరుస్తుండగా, ఒకే ఒక్క పాయింటు. వాళ్ళు మా ఊరు రారు. ఎవరూ రారు. కూటమి జట్లకి ఆటలు వాళ్ళ కూటమే వేసిపెడుతుంది, మేం మాత్రం ప్రతి ఏడూ ఊరూరా తిరిగి, బాబూ మాతో ఆడతారా అని అడగాలి. ఆ మూలకి ఒకటి, ఈ మూలకి ఒకటి, సముద్రం కనిపించే ఊరు ఒకటి. వారమంతా పిల్లల్ని బస్సులో తిప్పి, శుక్రవారం సాయంత్రం మా వ్యాన్ ఎక్కి, వెండెల్ గురక పెడుతుంటే నేనే తోలేదాన్ని, తిరిగొచ్చేసరికి సోమవారం బస్సు. కోపం వచ్చేది కాదు అప్పుడు. నలుగురిలో వాడి వీపు మీద యాభై ఎనిమిదో నంబరు వెతుక్కోవడంలో ఎంత సుఖముందో ఎవరికి చెబితే అర్థమవుతుంది. సెంటర్ వాడు, జట్టుకి కెప్టెన్. బంతి మీదకి వంగి కాళ్ళ మధ్య నుంచి వెనక్కి అందించేవాడు. అందరి కళ్ళూ బంతి వెంట పోతాయి, అందించినవాడు అప్పటికే ఎవరి కిందో పడి ఉంటాడు. వాణ్ణి చూసేది నేనొక్కదాన్నే.

"మార్లిస్, తినవేంటి?" యోలాండా. నా పక్క కుర్చీ, సెయింట్ లూయిస్ నుంచి కారులో వచ్చింది. ఆమె కొడుకు జేవియన్ మా జట్టులో బంతి పట్టుకుని పరిగెత్తేవాడు, రెండో ఏడాది కుర్రాడు, పట్టుకోబోతే చేపలా జారిపోతాడు. ఒళ్ళో హామ్ బన్నుల పళ్ళెం పెట్టుకుంది.

"ఆకలి లేదు."

"ఆకలి లేదా, మింగుడు పడట్లేదా?"

"రెండూ."

ఆమె ఒక బన్ను నములుతూ తెర వైపే చూస్తూ గొంతు తగ్గించింది. "ఒకటి అడగనా? మావాడు అంటున్నాడు, ఆఖరి ఆటలో ఆ బంతి తనకే రావాలట. కోచ్ సైగ కూడా చేశాడట. మీవాడు వెళ్ళి ఏదో చెప్పాడట."

"ఏం చెప్పాడో మీవాణ్ణే అడక్కపోయావా?"

"అడిగాను. కెప్టెన్ చెప్పాడమ్మా, అంతే అన్నాడు. మావాడు మీవాణ్ణి దేవుడి పక్కన కూర్చోబెట్టాడు." మూతి తుడుచుకుంది. "నేనింకా కూర్చోబెట్టలేదు."

నేనూ కూర్చోబెట్టలేదుగా. ఆమె అడిగిందే నేనూ ఎనిమిది రోజులుగా అడుగుతున్నాను, గిన్నెలు తోముతూ, బస్సు గేరు మారుస్తూ, వాడి మొహం మీద మాత్రం అడగకుండా. ఆ శనివారం మా ఊళ్ళోనే ఆట, టోలివర్ కాలేజీతో. చిన్న జట్టు. అసలు ఆ రోజుకి ఒక పెద్ద జట్టు వస్తామని ఒప్పుకుని వసంతంలో మొహం చాటేసింది, మాతో ఆడితే వాళ్ళకి లాభం లేదట. సీజన్ చివర్లో ఖాళీ పెట్టుకుంటే కమిటీ ముందు ఇంకా చులకన. ఎవరూ దొరకని సమయంలో టోలివర్ వాళ్ళు వస్తామన్నారు. వచ్చారు. డొక్కు బస్సులో, మంచులో, దెబ్బలు తినడానికని తెలిసే వచ్చారు. బాగానే ఆడారు కూడా, పాపం, చివరి దాకా వదల్లేదు. ఆట ముగుస్తుందనగా మేం పది పాయింట్ల ముందు. బంతి మా చేతిలో. పాయింట్ల గీతకి మూడు గజాలు. మూడు గజాలు అంటే మా వంటింట్లో పొయ్యి దగ్గర నుంచి ఫ్రిజ్ దాకా. జేవియన్‌కి ఇస్తే కళ్ళు మూసుకుని దాటేవాడు, ఇంకో ఏడు పాయింట్లు, తేడా పదిహేడు అయ్యేది.

కార్వెల్ అలా చెయ్యదు. గెలుపు చేతికొచ్చాక, ఆఖరి రెండు నిమిషాల్లో, మేం కొట్టం. బంతి తీసుకున్నవాడు నేలకి మోకాలు ఆనిస్తాడు, దాంతో ఆ ఎత్తు అక్కడికి సరి, గడియారం తిరిగిపోతుంది, చేతులు కలుపుతారు. మా మామగారి కాలం నుంచీ ఇంతే. అది మంచితనమని వెండెల్ అంటాడు, నేనంటాను అది అవసరమని. మాతో ఆడమని వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి పిలుచుకొచ్చి, వచ్చినవాణ్ణి చితకబాది పంపితే మళ్ళీ ఎవడొస్తాడు? కూటమిలో ఉన్నవాడు ఎంతైనా బాదొచ్చు, అవతలివాడు వచ్చే ఏడు రాక చస్తాడా. మాకా వీలు లేదు. సరే, మరి కమిటీ ఏమంటుంది? బలహీనుల మీద భారీగా గెలవాలి, అప్పుడే మీ బలం మాకు కనిపిస్తుంది అంటుంది. కొడితే వచ్చే ఏడు ఆడేవాడుండడు, కొట్టకపోతే ఈ ఏడు కమిటీ చూడదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో మా పిల్లలు నిలబడి ఉన్నారు.

కోచ్ హాల్వర్సన్ ఆ రోజు ఆచారం పక్కన పెట్టేశాడు. నేను చూశాను, ఆయన చెయ్యి పైకి లేచింది, పరుగు అని. నా గుండె ఎగిరింది, ఎందుకు దాచాలి, కొట్టండ్రా అని నేనే అరిచాను, వెండెల్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. గ్రేడీ బంతి దగ్గర నుంచి లేచి నడుచుకుంటూ మైదానం అంచుకి వెళ్ళాడు. సెంటర్ అనేవాడు అలా వెళ్ళడు, వెళ్ళకూడదు. కోచ్‌తో ఏదో అన్నాడు, రెండు ముక్కలే. ఆయన వాడి మొహంలోకి చాలాసేపు చూసి, తన మోకాలి మీద చేత్తో తట్టాడు. అంతే. వాడు వెనక్కి వచ్చి వంగాడు. మళ్ళీ వంగాడు. గడియారం అయిపోయింది. టోలివర్ కోచ్, ముసలాయన, మైదానం అడ్డంగా నడిచొచ్చి వాడి హెల్మెట్ మీద చెయ్యి పెట్టాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఏమన్నావురా ఆయనతో అని ఇంటికొస్తూ కారులో వెండెల్ అడిగితే, "వాళ్ళు రాకపోతే మనకి ఈ ఆటే లేదు కోచ్ అన్నాను" అన్నాడు వెనక సీట్లోంచి. మా నాన్న ఉంటే అని వెండెల్ కళ్ళు ఒత్తుకున్నాడు. ఆ క్షణంలో ఇద్దరినీ దింపేసి బండి పోనిద్దామనిపించింది. మంగళవారం కమిటీ పెద్దమనిషి టీవీలో కనబడి, కార్వెల్ చిన్న జట్టు మీద పదితోనే సరిపెట్టుకుంది కదండీ అని రెండు మెట్లు కిందికి దించాడు. తొమ్మిది నుంచి పదకొండు. మూడు గజాలకి రెండు మెట్లు.

ఏడు, ఎనిమిది. హాల్లో ఎవరో పిల్లాడు కాలు ఊపుతున్నాడు, కుర్చీ కిర్రుమంటోంది. వాడి తల్లెవరో ఆపమంటే బాగుండు. గ్రేడీ మెడ కదల్లేదు. అడ్డాలనాడు బిడ్డలు గాని గడ్డాలనాడు బిడ్డలా అంటారు, గడ్డం వచ్చిన బిడ్డ ఒకటి అక్కడ కూర్చుని ఉంటే, వాడి మీదకి ఏం వస్తోందో కనిపిస్తూనే ఉంటే, లేచి అడ్డం నిలబడలేని తల్లి ఏం చెయ్యాలి? ఎవరి మీద పడాలి? కమిటీ మీద, సరే. పదమూడు మంది, ఒక్కొక్కరూ ఒక్కో కూటమి ఉప్పు తిన్నవాళ్ళే, మా ఉప్పు తిన్నవాడు ఒక్కడూ లేడు. రస్ మీద, సరే. చనిపోయిన మామగారి మీద, ఆయన ఆచారం మీద. కోచ్ మీద, కుర్రాడు చెబితే వినడమేంటి, ఎవరయ్యా నువ్వు, కోచ్‌వా కాదా? అందరి మీదా పడ్డాను, ఎనిమిది రోజులుగా వంతులవారీగా పడుతూనే ఉన్నాను. ఇంకా మిగిలి ఉంది. మిగిలింది ఎవరి మీదో నాకు తెలుసు. పేరు రావాలి దేవుడా. వస్తే ఇది కూడా పోతుంది, ఎవరికీ తెలియకుండా. వాడు చేసింది మంచిపని అని నేనూ చప్పట్లు కొడతాను, నిజంగా కొడతాను.

తొమ్మిది. పది. పదికి మా హాలంతా ఒక్కసారి కుర్చీ అంచుకి జరిగింది. యోలాండా పళ్ళెం కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది, ఆమె చెయ్యి జిడ్డుగా, వెచ్చగా ఉంది. నేను గట్టిగా పట్టుకున్నాను. కోటువాడు కాగితం సర్దుకున్నాడు, నవ్వాడు, చివరి కుర్చీ మీదే దేశమంతా వాదించుకుంటోంది కదండీ అన్నాడు, వాదించుకుంటోంది అన్నాడు రెండోవాడు. చదువు. చదవరా.

టైడ్‌వాటర్ స్టేట్.

సోఫాలున్న హాలొకటి తెర మీద ఎగిరింది. ఓడి పైకి పోయారు. నిన్న ఓడి, ఈ రోజు పైకి. మావాళ్ళు నిన్న మంచు తోడి కిందికి పోయారు. వెండెల్ కప్పు నేల మీద పెట్టాడు, నెమ్మదిగా, ఒలక్కుండా. తెర మీద కమిటీ పెద్దమనిషి వచ్చాడు, గొంతులో ఎంత విచారమో. చాలా దగ్గరి పోటీ, కార్వెల్ గొప్ప జట్టు, కాని ఆఖరి ఆటలో ముగించగలిగిన చోట ముగించలేదని సభ్యులకి అనిపించింది అన్నాడు. ముగించలేదట. ఆ మాట అనగానే కెమెరా మనిషి, ఎవరు చెవిలో చెప్పారో, కెమెరాని గ్రేడీ వైపు తిప్పాడు, మూడడుగుల దూరం నుంచి వాడి మొహంలోకి. తెర మీద వాడి మొహం. ఇంతింత కళ్ళు. దేశమంతా చూస్తోంది. వాడు కెమెరాని చూడలేదు, తెరని చూడలేదు, జేవియన్ వాడి భుజం మీద చెయ్యి వేస్తే దాన్నీ చూడలేదు. కుర్చీలో వెనక్కి తిరిగి వరసల మీదుగా వెతికాడు. నన్ను. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడితే ఏడవాలో వద్దో తెలియక ముందు నా మొహం చూసేవాడు.

నా మొహం నేను సర్దుకోలేకపోయాను. పెదాలు బిగుసుకుని ఉన్నాయి, దవడ నొప్పి పుడుతోంది. వాడు చూశాడు. ఇదంతా తన మీదే అనుకున్నాడు. కాదురా అని తల ఊపుదామంటే తల ఊగలేదు, ఎందుకంటే కొంత వాడి మీదే. లేచాను. మోకాళ్ళు దాటుకుంటూ, సంచులు తొక్కుకుంటూ, వరసలన్నీ దాటి ముందుకి వెళ్ళాను. "అమ్మా, కాస్త పక్కకి" అన్నాడు కెమెరా మనిషి. "ఎవరికిరా అమ్మని?" అన్నాను, వాడి అద్దానికి నా వీపు పెట్టి నిలబడ్డాను. నా వీపు వెడల్పే. కెమెరా వెనక ఇప్పుడు ఎవరికీ ఏమీ కనిపించదు.

గ్రేడీ కూర్చునే ఉన్నాడు, నిలబడ్డ నేనూ కూర్చున్న వాడూ ఇంచుమించు ఒకే ఎత్తు.

"నా మీద కోపమా అమ్మా?"

"అవును."

తల ఊపాడు. జేవియన్ పక్కకి చూస్తున్నాడు, వినబడనట్టు.

"మళ్ళీ అక్కడికి తీసుకెళ్ళి నిలబెట్టినా," అన్నాడు, "నేను అదే చేస్తానమ్మా."

"తెలుసురా," అన్నాను. "అందుకే కోపం."